పెరట్లో చేపలు, కంకరలో పాలకూర: ఇంటి ఆక్వాపోనిక్స్ తొలి ఏడాది

మా అమ్మ దృష్టిలో పెరట్లోని చేపలు ఎప్పుడూ ఆకలితోనే ఉంటాయి. పొద్దున్నే చాయ్ గ్లాసుతో ట్యాంకు దగ్గరికి వెళ్తుంది. అవి నోళ్లు తెరుచుకుంటూ పైకి వస్తాయి. ఆమె మనసు ఆగదు; రాత్రి మిగిలిన అన్నం ఒక ముద్ద నీళ్లలోకి జారవిడుస్తుంది. మొదటి ఏడాది ఆ ముద్దల సంగతి నాకు తెలియలేదు. మూడో రోజుకు నీళ్లు పలుచటి మజ్జిగలా తెల్లబడ్డాయి. నాలుగో రోజు తెల్లవారేసరికి ఆరు చేపలు వెల్లకిలా తేలాయి.

ఆక్వాపోనిక్స్ అంటే చేపల ట్యాంకులోని నీళ్లను కంకర తొట్లలోకి ఎక్కించి, మట్టి లేకుండా ఆ నీళ్లతోనే కూరలు పెంచడం. ఈ పద్ధతిలో బయటి నుంచి లోపలికి వచ్చే ఎరువు దాదాపు మేత ఒక్కటే. చేప పెరిగినా, నీరు చెడినా, పాలకూర పచ్చబడినా రోజుకు ఎన్ని గ్రాముల మేత పడిందన్నదే లెక్క. అందుకే పంపు కొనకముందే ఒక చిన్న వంటింటి త్రాసు కొనుక్కోమంటాను.

జరిగే పని ఇది. చేప మేత తిని మొప్పల ద్వారా, విసర్జన ద్వారా అమ్మోనియాను వదులుతుంది. అది చేపకే విషం. కంకర రాళ్లకు అంటుకుని బతికే ఒక జాతి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. మరో జాతి ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. చేప నైట్రేట్‌ను బాగానే తట్టుకుంటుంది, మొక్కలకైతే అది భోజనం. మొక్కలు దాన్ని తీసుకున్నాక నీళ్లు తిరిగి చేపల దగ్గరికి వెళ్తాయి.

మిద్దె మీదా, నేల మీదా?

చాలామంది మొదట మిద్దె వైపే చూస్తారు. ఒక్క క్షణం ఆగి లెక్క వేయండి. మనుషులు ఎక్కే మిద్దెకు భారతీయ ప్రమాణాల ప్రకారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువు లెక్కగట్టి స్లాబు వేస్తారు. 60 సెంటీమీటర్ల లోతు నీళ్లున్న ట్యాంకు అదే చదరపు మీటరు మీద 600 కిలోలు మోపుతుంది. పాతిక సెంటీమీటర్ల మందాన కంకర పోసినా 400 కిలోలు దాటుతుంది. ఇంజనీరు వచ్చి దూలాలు, స్తంభాలు చూసి ఫలానా చోట పెట్టవచ్చని చెబితే తప్ప మిద్దె జోలికి వెళ్లకండి. హనుమకొండ, కాజీపేట పాత కాలనీల ఇళ్లలో ఇప్పటికీ కాస్త పెరడు మిగిలి ఉంటుంది. పొద్దున నాలుగైదు గంటల ఎండ తగిలి మధ్యాహ్నానికి గోడ నీడ పడే మూల దొరికితే అంతకన్నా మంచి చోటు లేదు.

నేల మీద పెడితే ఇంకో లాభం ఉంది. ట్యాంకును రెండడుగులు భూమిలోకి దించవచ్చు. మన ఎండలకు అది ఎంత మేలో మే నెలలో తెలుస్తుంది.

కట్టడం

కావలసినవి: 500 లీటర్ల నల్ల ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు ఒకటి, 200 లీటర్ల నీలం డ్రమ్ము ఒకటి, 20 మిల్లీమీటర్ల కంకర, కూలర్ మోటారు, గాలి పంపు, టైమర్ సాకెట్, అంగుళం పీవీసీ పైపులు, రెండు ట్యాంక్ నిపుల్స్ (తొట్టి రంధ్రంలో పైపును బిగించే ముక్కలు). డ్రమ్ములో ఇంతకుముందు ఏం ఉందో అడిగి కొనండి. నూనె, పాకం వంటి తినే సరుకు వచ్చినదైతే పరవాలేదు. రసాయనాలు వచ్చిన డ్రమ్మును ఎన్నిసార్లు కడిగినా నమ్మలేం.

ట్యాంకు పైభాగం కోసి తీసేయండి. గుంటలో దించేటప్పుడు అంచు నేలకు కనీసం ఒక అడుగు పైన ఉండాలి. 2023 జూలై వానలకు వరంగల్ కాలనీలు ఎలా మునిగాయో గుర్తుంది కదా, వీధి నీళ్లు ఒక్కసారి లోపలికి వస్తే మళ్లీ మొదటికే. భూమిలో దించిన ట్యాంకును వానాకాలంలో ఖాళీగా ఉంచకూడదు, చుట్టూ ఉన్న బురద దాన్ని పైకి నెట్టేస్తుంది. పైన గట్టి ఇనుప జాలీ మూత తప్పనిసరి. పసిపిల్లలున్న ఇంట్లో దానికి తాళం కూడా వేయండి. ఆ తర్వాతే పిల్లులు, లకుముకి పిట్టల సంగతి. మా ఇంటి ఎదురు కరెంటు తీగ మీద కూర్చునే లకుముకి పిట్ట మూత బిగించిన తర్వాత కూడా వారం రోజులు రోజూ వచ్చి చూసి పోయేది.

డ్రమ్మును నిలువునా రెండు చెక్కలు చేస్తే రెండు తొట్లు. ఒక్కొక్కటి సుమారు అర చదరపు మీటరు. కంకర, నీళ్లు కలిపితే ఒక్కో తొట్టి 150 కిలోలు తూగుతుంది కాబట్టి సిమెంటు ఇటుకల దిమ్మెల మీద ఇనుప యాంగిళ్లు వేసి, తొట్టి దొర్లకుండా ఇరువైపులా ఆనించి పెట్టండి. తొట్టి అడుగు ట్యాంకు అంచుకన్నా పైనుంటే నీళ్లు వాటంతట అవే కిందికి దిగుతాయి.

ఇక అసలు పని, తొట్టిలోంచి నీళ్లు దిగే ఏర్పాటు. దీనికి సైఫన్ అనే గంట ఆకారపు ఏర్పాటును చాలామంది పొగుడుతారు. కొత్తవాళ్లకు అది తలనొప్పి. సగం రోజులు మొదలుకాదు, మిగతా సగం రోజులు ఆగదు. కాకతీయుల చెరువులు చూసిన వాళ్లకు అంతకన్నా తేలికైన దారి తెలుసు: ఒక అలుగు, ఒక తూము. తొట్టి అడుగున నడిమధ్య రంధ్రం చేసి ట్యాంక్ నిపుల్ బిగించండి. దానిలో 20 సెంటీమీటర్ల ఎత్తు పైపు ముక్కను నిటారుగా నిలపండి. అదే అలుగు, నీళ్లు ఆ ఎత్తుకు చేరగానే పైనుంచి పొర్లి ట్యాంకులోకి దిగుతాయి. ఆ పైపుకే మొదట్లో, తొట్టి అడుగుకు ఆనుకుని 6 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి వేయండి. అదే తూము. మోటారు ఆగాక తొట్టి దాని ద్వారా నెమ్మదిగా ఖాళీ అవుతుంది. పై చెరువు నీళ్లు కింది చెరువుకు వెళ్లినట్టే.

ఈ పైపుకు కంకర అడ్డుపడకుండా నాలుగు అంగుళాల పైపు ముక్కకు రంపంతో సన్నని గాట్లు పెట్టి చుట్టూ తొడగండి. ఏడాది తర్వాత వేళ్లు లోపలికి చొరబడినప్పుడు చెయ్యి పెట్టి తీయడానికి కూడా అదే దారి. కంకర అలుగుకన్నా ఐదు సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తున పోయాలి. పై పొర ఎప్పుడూ పొడిగా ఉంటే నాచు పట్టదు, దోమ గుడ్డు పెట్టదు.

కంకర విషయంలో మనం అదృష్టవంతులం. కరీంనగర్, వరంగల్ చుట్టుపక్కల క్రషర్లలో దొరికేది ఎక్కువగా గ్రానైటే, నీటిలో కరగదు. అయినా నాలుగు రాళ్ల మీద నిమ్మరసం పిండి చూడండి. నురగ వస్తే అది సున్నపురాయి, వద్దు. కడగడం మాత్రం ఓపికతో చేయాలి. క్రషర్ బూడిద ఎనిమిది తొమ్మిది నీళ్లకు గాని వదలదు. నేను ఐదు నీళ్లతో సరిపెట్టాను. రెండు వారాలు ట్యాంకు బూడిద రంగులోనే ఉంది, మోటారు రెండుసార్లు పట్టేసింది.

మోటారుకు వేసవిలో ఎయిర్ కూలర్‌లో వాడేదే చాలు. 18 వాట్లది గంటకు వెయ్యి లీటర్లు పోస్తుందని డబ్బా మీద రాస్తారు. మీటరు ఎత్తుకు ఎక్కించాక 600 దాకా వస్తే సంతోషించండి. బకెట్‌తో కొలవడం తేలిక: 10 లీటర్ల బకెట్ నిమిషంలో నిండితే సరిపోతుంది. టైమర్‌ను అరగంట నడిచి అరగంట ఆగేలా పెట్టండి. అలా అయితే ట్యాంకులోని 400 లీటర్లలో ముప్పావు వంతు నీరు గంటకోసారి కంకర మీదుగా పోయి వస్తుంది. రెండు తొట్లు నిండినప్పుడు ట్యాంకులో తగ్గేది 50 లీటర్లే, చేపలకు ఇబ్బంది లేదు. గాలి పంపు మాత్రం 24 గంటలూ ఆడాలి. రెండూ కలిపి నెలకు పది యూనిట్ల కరెంటు. కూలర్ మోటార్లు ఎప్పుడు చెడతాయో ముందుగా చెప్పవు, ఇంకొకటి అలమారలో ఉంచుకోండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. నీళ్లలో మోటారు ఉన్నప్పుడు ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్లకే తెగిపోయే ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే స్విచ్చు) లేకుండా ఒక్కరోజు కూడా నడపకండి. ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు ఊడదీయాలి. తడి చేతులు, తెగిన తీగ, చెప్పులు లేని కాళ్లు ఈ మూడూ పెరట్లో ఒకేచోట చేరే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

నీళ్లు

నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. రెండు రోజులు వెడల్పాటి పాత్రలో ఉంచి గాలి పంపు ఆడిస్తే చాలావరకు పోతుంది. బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు గాని మనవైపు చాలాచోట్ల ఉప్పదనం, సున్నం ఎక్కువ, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) 8 దగ్గర తిరుగుతుంది. చేప, బ్యాక్టీరియా, మొక్క ముగ్గురూ రాజీపడేది 6.8 నుంచి 7.2 మధ్య. పీహెచ్ ఒక అంకె పెరిగితే అమ్మోనియాలో విషపు వాటా దాదాపు పదింతలు అవుతుంది, కాబట్టి 8 దగ్గర చిన్న పొరపాటు కూడా పెద్దదే. మిద్దె మీద పడిన వాన నీళ్లను ఒక డ్రమ్ములో పట్టి బోరు నీళ్లతో సగం సగం కలపడం నాకు తెలిసిన అన్నిటికన్నా చవకైన మందు.

బోరు నీళ్ల సున్నాన్ని తిట్టుకోకండి. బ్యాక్టీరియా పని చేస్తున్నంతకాలం పీహెచ్ తనంతట తానే దిగుతూ ఉంటుంది. అప్పుడప్పుడూ కలిపే బోరు నీళ్లు దాన్ని నిలబెడతాయి. 6.5 కన్నా దిగితే బోరు నీళ్ల పాలు పెంచండి, 7.5 దాటితే వాన నీళ్ల పాలు పెంచండి. రోజుకోసారి యాసిడ్లు పోసి అటూ ఇటూ ఊపితే చేప తట్టుకోదు.

చేపలు లేని ఆరు వారాలు

అన్నీ బిగించి, మోటారు వేసి, నీళ్లు గలగలమంటూ తిరుగుతుంటే చేపలు తెచ్చేయాలని చెయ్యి దురద పెడుతుంది. అక్కడే నిలదొక్కుకోవాలి. కంకరకు బ్యాక్టీరియా పట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతవరకు వాటికి అమ్మోనియాను మనమే పెట్టాలి.

ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాళ్లు వాడే నవసాగరం గుర్తుందా? అది అమ్మోనియం క్లోరైడే. బజారు నవసాగరంలో ఏ మలినాలు కలిసి ఉంటాయో చెప్పలేం కాబట్టి ప్రయోగశాలల సామాను అమ్మే దుకాణంలో శుద్ధమైనది కొనండి. 400 లీటర్లకు 3 గ్రాములు వేస్తే లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున అమ్మోనియా తయారవుతుంది. అక్వేరియం దుకాణంలో దొరికే చుక్కల పరీక్ష కిట్టుతో రెండు రోజులకోసారి చూడండి. మొదట అమ్మోనియా కదలదు. పది రోజుల తర్వాత తగ్గడం మొదలై, నైట్రైట్ పరీక్ష గొట్టం ముదురు వంకాయ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు రెండు మూడు వారాలు వదలదు, విసుగొస్తుంది. ఒక పొద్దున గొట్టం లేత నీలంగా ఉండిపోతుంది. ఆ రోజు మళ్లీ 3 గ్రాములు వేసి 24 గంటల తర్వాత చూస్తే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా దగ్గర ఉన్నాయనుకోండి, ఇల్లు సిద్ధమైనట్టు.

ఎవరైనా తెలిసినవాళ్ల ఇంట్లో బాగా నడుస్తున్న అక్వేరియం ఉంటే దాని ఫిల్టరు స్పాంజి పిండిన మురికి నీళ్లు ఒక చెంబెడు అడిగి తెచ్చుకోండి. పాలలో తోడు వేసినట్టు, పని త్వరపడుతుంది.

నెలల ప్రకారం చెప్పాలంటే, జూలైలో కట్టడం మొదలుపెడితే వాన నీళ్లు అందుతాయి, ఆగస్టు అంతా బ్యాక్టీరియాది, సెప్టెంబరులో చేపపిల్లలు. వానాకాలంలో చెరువుల్లో వదలడానికి పిల్లలు వచ్చే రోజులు కూడా అవే.

ఏ చేప?

నా ఓటు బంగారు తీగకు. మొరటు చేప. చలిని, కాస్త వేడిని, కొద్దిపాటి నిర్లక్ష్యాన్ని ఓర్చుకుంటుంది, పెట్టింది తింటుంది. రవ్వ, బొచ్చె చెరువు చేపలు. 400 లీటర్లలో పెరగవు, ఎగిరి బయట పడతాయి. కొరమీను తెలంగాణ రాష్ట్ర చేప, రుచిలో దానికి సాటి లేదు, పైగా పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా బతుకుతుంది. కానీ అది మాంసాహారి. పెద్దది చిన్నదాన్ని మింగుతుంది, పరిమాణాన్నిబట్టి వేరు చేస్తూ ఉండాలి. రెండో ఏడాది ప్రయత్నించండి. తిలాపియా పెంపకానికి ప్రభుత్వ అనుమతి నిబంధనలున్నాయి, ముందు జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడగండి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ నిషేధంలో ఉంది, ఎవరు అంటగట్టినా తేవద్దు. తినే ఉద్దేశం లేనివాళ్లకు గోల్డ్‌ఫిష్, కోయి చక్కగా సరిపోతాయి.

పది గ్రాముల పిల్లలు 20 చాలు. పాతిక యాభై తెస్తే ఏం పోయిందనిపిస్తుంది. ఇప్పుడు ఏమీ పోదు, ఎనిమిదో నెలలో పోతుంది. 20 చేపలు పావుకిలో చొప్పున పెరిగితే 5 కిలోలు, అంటే 80 లీటర్లకు కిలో. కొత్తవాళ్లకు అంతకుమించి వద్దు. తెచ్చిన పిల్లలను వేరే టబ్బులో లీటరుకు 3 గ్రాముల రాళ్ల ఉప్పు కలిపిన నీటిలో, గాలి పంపు పెట్టి రెండు మూడు రోజులు గమనించండి. జబ్బేదైనా ఉంటే అక్కడే బయటపడుతుంది.

మేత లెక్క

మొదటి రోజుల్లో 20 చేపల మొత్తం బరువు 200 గ్రాములు. అందులో ఐదు శాతం, అంటే రోజుకు 10 గ్రాముల తేలే గుళికల మేత, రెండు పూటలుగా. పది నిమిషాల్లో తినకుండా మిగిలింది వలతో తీసేయాలి, మరుసటి రోజు ఆ మేరకు తగ్గించాలి. నెలకోసారి ఐదు చేపలను తూచి మొత్తం అంచనా వేయండి. 50 గ్రాముల చేపకు మూడు శాతం, 200 దాటాక ఒకటి, ఒకటిన్నర శాతం.

ఆకుకూరలు చదరపు మీటరుకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత తాలూకు ఎరువును తింటాయి. మొదట్లో వేసే 10 గ్రాములు పావు చదరపు మీటరుకు, అంటే ఒక తొట్టిలో సగానికి చాలవు చాలవన్నట్టు సరిపోతాయి. అందుకే మొదటి రెండు నెలలు ఆ సగంలోనే నాటండి. రెండు తొట్లూ ఒకేసారి నింపి, మొక్కలు పాలిపోయాయని మేత పెంచి, నీళ్లు పాడుచేసుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. చేపలు పావుకిలో అయ్యేనాటికి రోజుకు 50 గ్రాములు పడుతుంది, అప్పుడు రెండు తొట్లూ నిండుగా పచ్చబడతాయి.

త్రాసు మీద తూచిన మేతను పొద్దున్నే రెండు చిన్న డబ్బాల్లో పోసి పెడతాను. డబ్బా ఖాళీ అయితే ఆ పూటకు అయిపోయినట్టు. అమ్మకు ఆ డబ్బాలే ఇచ్చాను. వేసే సంతోషం ఆమెది, లెక్క త్రాసుది.

ఏం నాటాలి

పాలకూర, తోటకూర, కొత్తిమీర, మెంతికూర, పుదీనా. పుదీనాను ఒక మూలకు కట్టడి చేయండి, లేదంటే తొట్టంతా తనదే అంటుంది. పండు కాసే టమాట, మిరప మొదటి ఆరు నెలలు వద్దు. వాటికి పొటాషియం ఎక్కువ కావాలి, చేప మేతలో అది తక్కువ. కొత్త ఆకు పసుపుపచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుము లోపం, మన గట్టి నీళ్లలో తరచూ వస్తుంది. 11 శాతం ఇనుమున్న డీటీపీఏ పొడి (మొక్కలకు అందే రూపంలో ఇనుమున్న ఎరువు) 7 గ్రాములు బకెట్ నీళ్లలో కరిగించి ట్యాంకులో పోయండి, మూడు వారాలకోసారి చాలు. నీళ్లు డికాక్షన్ రంగుకు తిరుగుతాయి, భయపడనక్కర్లేదు.

పురుగుమందు మాట ఎత్తకండి. ఆకు మీద కొట్టింది చేప మొప్పల్లోకి చేరుతుంది. వేప నూనె, సబ్బు నీళ్లు, పొగాకు కషాయం కూడా వద్దు. పేనుబంక పడితే ఆకును తిప్పి నీళ్ల ధారతో కడగడం, పసుపు జిగురు అట్టలు వేలాడదీయడం, మరీ పట్టిన కొమ్మను తుంచేయడం, అంతే.

రోహిణి కార్తె

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ట్యాంకులో పగిలేది రోలు కాదు, ప్రాణవాయువు లెక్క. 20 డిగ్రీల నీటిలో లీటరుకు గరిష్ఠంగా 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు నిలిస్తే, 30 డిగ్రీలకు అది 7.5కు పడిపోతుంది, అదే వేడికి చేపకు కావలసింది పెరుగుతుంది. మార్చి చివర్లోనే 50 శాతం నీడనిచ్చే ఆకుపచ్చ వల కట్టండి. నీళ్లు 32 డిగ్రీలు దాటిన రోజు మేత సగానికి తగ్గించి, తెల్లవారుజామున చల్లటి వేళ వేయండి. ఆవిరైన మేరకు రోజూ నీళ్లు పోస్తూ ఉండాలి. ఒకేసారి బక్కెట్లు గుమ్మరించకుండా కొద్దికొద్దిగా. దాచిన వాన నీళ్లు అప్పుడు పనికొస్తాయి.

మే సాయంత్రాల గాలిదుమారానికి కరెంటు పోవడం ఖాయం. బ్యాటరీ ఉన్న గాలి పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి. అది కూడా లేకపోతే చెంబుతో నీళ్లు తీసి రెండడుగుల ఎత్తు నుంచి పోస్తూ కూర్చోవాలి. నేను ఒక రాత్రి రెండు గంటలు అలా కూర్చున్నాను.

చేపలన్నీ పైకి వచ్చి నోళ్లతో గాలి మింగుతుంటే ముందు గాలి పంపు చూడండి, తర్వాత అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించండి. ఏది పెరిగినా మేత ఆపి, పావు వంతు నీళ్లు మార్చండి. నైట్రైట్ అయితే 400 లీటర్లకు 400 గ్రాముల అయొడిన్ లేని ఉప్పు కరిగించి పోస్తే చేపకు తక్షణ ఉపశమనం. తోటకూర, పాలకూర ఆ మాత్రం ఉప్పును ఓర్చుకుంటాయి.

మృగశిర

సెప్టెంబరులో వదిలిన పిల్లలు జూన్ మొదటి వారానికి పావుకిలో దగ్గరికి వస్తాయి. మృగశిర నాడు బజారులో చేపల ధర ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. ముందు రోజు మేత పూర్తిగా ఆపండి, కడుపు ఖాళీ అయితే చేప శుభ్రంగా ఉంటుంది. పది చేపలే పట్టండి. ఇరవైనీ ఒకేసారి తీసేస్తే తొట్లలోని మొక్కలకు, కంకరలోని బ్యాక్టీరియాకు ఆ వారమే పస్తు మొదలవుతుంది. చింతపండు పులుసుకు పది చాలు, చుట్టాలు వస్తే కాస్త పలుచన చేయండి.

మరుసటి పొద్దున డబ్బాలో మేత సగమే తూచండి.